మేకతోలుతో వడకట్టిన పాదరసం

సైన్సు మాస్టారి ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. పెద్దవాణ్ణి కదా, నాలుగు మంచి మాటలు చెబుతానని ఆశ. మంచి మాటలు నా దగ్గర పెద్దగా లేవు. ఉద్యోగం నిజంగా ఏమిటో మాత్రం చెప్పగలను. పగిలిన గాజు ఏరడం, బిరడా బిగుసుకుపోయిన సీసాలను వేడినీళ్ళలో పెట్టి బతిమాలడం, దీపాల్లో పోయాల్సిన స్పిరిట్ సెలవు రోజుల్లో ఎందుకు తగ్గుతోందో ఆరా తీయడం. ఇవన్నీ అయ్యాక టైము మిగిలితే పాఠం చెప్పడం.

వీటన్నిటికన్నా కష్టమైన పని ఇంకొకటుంది. పిల్లలు చూడకుండానే చూశామని రాస్తారు. ఆ అలవాటు మాన్పించాలి. ఈ పనిలో నేను ఏళ్ళ తరబడి ఓడిపోయాను. మీరూ ఓడిపోతారు. ముందే తెలిస్తే కొంచెం తక్కువ బాధపడతారని చెబుతున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళ సంగతి ఇక్కడ రాయను. అవి ఎవరికైనా ఒకేలా ఉంటాయి. జహీరాబాదులో నేను పనిచేసిన తొలి ఏళ్ళలో జరిగిన ఒక్క ప్రయోగం గురించి రాస్తాను. నాకు తెలిసిన సైన్సులో సగం నాకు అక్కడే వచ్చింది.

కందుల గదిలో ల్యాబు

అవి అరవైల మొదటి రోజులు. మా హైస్కూలుకు పన్నెండో తరగతి దాకా సైన్సు సెక్షన్ కొత్తగా వచ్చింది. కోహీర్ నుంచి, రాయికోడ్ నుంచి, న్యాల్‌కల్ అవతలి సరిహద్దు ఊళ్ళ నుంచి పిల్లలు వచ్చి చేరారు. ఇళ్ళలో కొందరిది కన్నడం, కొందరిది ఉర్దూ. ల్యాబుకు వేరే గది లేక, ఒకప్పుడు కందులు నిల్వచేసిన గదికి సున్నం కొట్టించి ఇచ్చారు. వానాకాలం రాగానే కందిపురుగులు పాత అలవాటు కొద్దీ మా బల్లల మీదికి వచ్చి తిరిగి చూసుకొని పోయేవి.

సామానులో అందరికీ ముద్దొచ్చేది పాదరసం. అరచేతిలో పట్టే సీసాను ఎత్తబోతే భుజం జారినంత పనవుతుంది. మా తెలుగు పండితులు ఒకరోజు ల్యాబు చూడటానికి వచ్చి, గిన్నెలో ఉన్న పాదరసంలో వేలు ముంచి, "ఎంత చల్లగుందయ్యా" అని మురిసిపోయారు. ఇంటికి వెళ్ళేసరికి ఆయన పెళ్ళినాటి బంగారు ఉంగరం తెల్లబడింది. ఆ తర్వాత చాలా రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. ఆయన భార్య మాత్రం బడికి వచ్చి మరీ మాట్లాడింది.

ఒక మాట మధ్యలోనే చెప్పాలి. మేము పాదరసాన్ని చేత్తో పట్టుకున్నాం, అరచేతిలో దొర్లించి ఆడాం. మీరు ఆ పని చేయకండి. దాని ఆవిరి విషమని మాకు పుస్తకంలో తెలుసు గాని ఒంటికి తెలియదు. కిటికీలు తెరిచి ఉంచండి, కింద పడిన ప్రతి బొట్టునూ ఏరండి.

ఖాసిం సాబ్

మా హెడ్మాస్టర్ పేరు ఖాసిం సాబ్. నిజాం కాలంలో ఉర్దూలో రసాయనశాస్త్రం చెప్పిన మనిషి. మాకు సైన్సు సెక్షన్ వచ్చిందంటే ఆయన చెప్పులు అరిగేలా హైదరాబాదు ఆఫీసుల చుట్టూ తిరిగినందువల్లే వచ్చింది. నేను చూసిన బాసుల్లో చాలామందికి బడి అంటే హాజరుపట్టీ. ఆయనకు బడి అంటే పిల్లలు. కోపం ఎక్కువ, మాట కటువు, తన మాటే నెగ్గాలనే పట్టుదల. అయినా ఆయన కింద మళ్ళీ పనిచేయమంటే ఇప్పుడైనా వెళతాను.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. పబ్లిక్ పరీక్ష రోజు పొద్దున్నే షేర్వాణీ వేసుకొని వచ్చి, పరీక్షకు వాడే పాదరసాన్ని తానే స్వయంగా శుభ్రం చేసేవారు. ఇంకొకరిని ముట్టనిచ్చేవారు కాదు. మెత్తని తోలులో పోసి పిండి వడకట్టాలని ఆయన చదివిన ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. ఆ పుస్తకంలో చెప్పిన విదేశీ తోలు మా ఊళ్ళో దొరికేది కాదు. అందుకని బజారులో చెప్పులు కుట్టేవాళ్ళకు చెప్పి మేకతోలును మెత్తగా తయారు చేయించారు. వాళ్ళు మనసుపెట్టి చేశారు. తోలు పెళుసెక్కకుండా కొవ్వూ ఆముదమూ బాగా దట్టించి, రుద్ది, చెవి తమ్మెలా మెత్తగా చేసి ఇచ్చారు.

పైన దుమ్ముతో పోసిన పాదరసం కింద సన్నని చినుకుల్లా రాలేది. దుమ్మంతా తోలులోనే ఉండిపోయేది. గిన్నెలో చేరిన పాదరసం ధగధగలాడేది. ఖాసిం సాబ్ గిన్నె నా ముందు పెట్టి, "చూసిన్రా విఠల్ మాస్టర్? అద్దం! జర మొఖం చూస్కోన్రి" అనేవారు.

నిజంగానే అద్దంలా ఉండేది. కంటికి కనబడేంత వరకు అది శుభ్రమే. కంటికి కనబడనిది ఏం ఉందో ఆ ఏడాది దాకా మాకెవరికీ తెలియలేదు.

ఒక్కసారి తప్పితే

ఆ ఏడాది పన్నెండో తరగతి సైన్సులో పన్నెండుమంది మగపిల్లలు, ఒక్క ఆడపిల్ల. ఆమె పేరు శరణమ్మ. న్యాల్‌కల్ అవతల ఊరు. ఇక్కడ పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకునేది. తండ్రి బస్వప్పకు చెరకు తోట ఉంది. బెల్లం అమ్మడానికి పట్నం వచ్చినప్పుడల్లా బడి గేటు దగ్గర ఆగి నన్ను పలకరించేవాడు. చేర్చిన రోజే షరతు చెప్పాడు.

"ఒక్కసారి తప్పిందంటే ఇంటికి తోల్కపోత సార్. మల్ల బడి ముచ్చట ఎత్తొద్దు. మా కులపోల్లు ఇప్పటికే అడుగుతున్నరు, పోరిని బస్తీల ఉంచి ఏం జేస్తవని."

శరణమ్మకు హైదరాబాదులో నర్సు ట్రైనింగుకు వెళ్ళాలని కోరిక. దానికి సైన్సుతో పాసవ్వాలి. ప్రాక్టికల్ తప్పితే మొత్తం తప్పినట్టే. అంటే ఆ ఒక్క పరీక్ష మీద ఆ పిల్ల బతుకు ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె తప్పి ఇంటికి వెళితే, ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇంకే తండ్రీ తన కూతుర్ని సైన్సులో చేర్చడు. ఇది నాకూ ఖాసిం సాబ్‌కూ బాగా తెలుసు.

చదువులో ఆమె గొప్ప తెలివైనదేం కాదు. లెక్కల్లో తడబడేది. ఒక్క గుణం మాత్రం ఉంది, నిదానం. ప్రతిదీ రెండుసార్లు చూసేది. నాకు విసుగొచ్చి, "శరణమ్మా, పాదరసం గడ్డకట్టేదాకా చూస్తావా?" అని కసిరేవాణ్ణి.

"జర ఆగున్రి సార్, ఇంక ఊగుతున్నది" అనేది, కన్ను తీయకుండా.

పదకొండు

ప్రయోగం ఇది. ఒక వెడల్పాటి గాజుగొట్టం, దానికి అడుగున కలిపిన ఒక సన్నని గొట్టం. నీళ్ళు పోస్తే సన్నగొట్టంలో పైకెక్కుతాయి. పాదరసం పోస్తే కిందికి దిగుతుంది. ఎంత దిగిందో స్కేలు మీద జరిగే మైక్రోస్కోపుతో చూసి రాయాలి. పాదరసం పైతలం తనను తాను ఎంత బిగువుగా లాక్కుంటోందో దాన్నిబట్టి లెక్క కట్టవచ్చు. పుస్తకాల్లో తలతన్యత అంటారు. బిగువు ఎక్కువైతే ఎక్కువ దిగుతుంది, తగ్గితే తక్కువ.

ఆ సామాను మాకు అదే ఏడు కొత్తగా వచ్చింది. కంపెనీ సీసాలోంచి తీసిన పాదరసంతోనే పిల్లలు ఏడాదంతా సాధన చేశారు. అందరికీ పదకొండు మిల్లీమీటర్లు వచ్చేది. శరణమ్మకూ అదే వచ్చేది. పదకొండు అన్న మాట ఆ గదిలో ఎక్కంలా అందరి నోటా ఉండేది.

పరీక్ష రోజు ఖాసిం సాబ్ షేర్వాణీ తొడుక్కొని వచ్చి, ఆ పాదరసాన్ని తన తోలులో పోసి ముచ్చటగా పిండారు. నేనే దాన్ని గొట్టంలో పోశాను.

హైదరాబాదు నుంచి పొద్దున బండిలో ఎగ్జామినర్ దిగారు. రామనాథం గారని కోస్తా వైపు పెద్దమనిషి. చెడ్డవాడేం కాదు. సాయంత్రం బండికి తిరిగి వెళ్ళిపోవాలనే తొందర మాత్రం దిగినప్పటి నుంచీ ఉంది. సామాను ఒకటే కాబట్టి పిల్లలు వంతులవారీగా వచ్చి చూసి రాశారు. శరణమ్మ వంతు చివర. ఆమె చూసింది, లేచింది, మళ్ళీ వంగి చూసింది. తర్వాత రాసింది.

రామనాథం గారు ఆమె కాగితం తీసుకొని కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఎనిమిదా? మిగతా మూడూ ఎక్కడ పోగొట్టావమ్మా?"

"పోగొట్టలేద్సార్. గాడ గంతే ఉన్నది."

"ఇక్కడున్న పన్నెండుమందికీ పదకొండే వచ్చింది. నీ ఒక్కదానికే ఎనిమిదేమిటి? పోనీ, ఇంకోసారి చూసి దిద్దుకో."

అది ఆయన మంచితనమే. ఆమె వెళ్ళి ఇంకోసారి చూసింది. తిరిగి వచ్చి, కాగితం దిద్దకుండా అలాగే ఇచ్చింది. ఆయన దాన్ని మిగతా వాటి నుంచి విడదీసి పక్కన పెట్టారు. ఎక్కువ మార్కులున్న ప్రయోగం అదే. పక్కన పెట్టారంటే తప్పించినట్టే.

నేను బయటికి వస్తే గేటు దగ్గర బస్వప్ప కూర్చొని ఉన్నాడు. "అయిపోయిందా సార్? మా బిడ్డ మంచిగ జేసిందా?" అన్నాడు. ఇంకా కాలేదని చెప్పి లోపలికి వచ్చేశాను.

ల్యాబు ఖాళీగా ఉంది. మైక్రోస్కోపులో నేనే కన్ను పెట్టి చూశాను. ఎనిమిది. ఒళ్ళు మండింది నాకు. పన్నెండుమంది ఈ ఎనిమిది ముందు వంగి, కన్ను పెట్టి, లేచి పదకొండు రాసిపోయారు. అందులో నేను మెచ్చుకున్న పిల్లలున్నారు, క్లాసులో ఫస్టు వచ్చేవాడున్నాడు.

రెండు పళ్ళేల పరీక్ష

హెడ్మాస్టర్ గదిలో ఇద్దరూ చాయ్ తాగుతున్నారు. గొట్టంలో ఉన్నది ఎనిమిదేనని చెప్పాను.

ఖాసిం సాబ్ కప్పు కింద పెట్టారు. "గట్లెట్ల అయితది? పొద్దుగాల నా చేతులతోని సాఫ్ చేసిన గదా!"

అప్పుడు నాకు తట్టింది. రెండు వెడల్పాటి పళ్ళేలు తెప్పించాను. ఒకదానిలో మూత తీయని కొత్త సీసాలోని పాదరసం పోశాను. కాగితాన్ని గరాటులా చుట్టి, కొనకు సూదితో బెజ్జం పెట్టి, అందులోంచి పోశాను. పైన ఏదైనా తెట్టు ఉంటే కాగితానికే అంటుకుపోతుంది. రెండో పళ్ళెంలో ఖాసిం సాబ్ వడకట్టిన దాంట్లో మిగిలింది పోశాను. చూస్తే రెండూ అద్దాలే. తేడా చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

రెండింటి మీదా ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లాను. సూదిని నూనె రాసిన నా తలవెంట్రుకల్లో ఒకసారి దూర్చి తీసి, మొదటి పళ్ళెం నడిమధ్య తాకించాను. పౌడరు ఒక్క ఉదుటున అంచులకు పరుగెత్తింది. మధ్యలో గుండ్రంగా తళతళలాడే జాగా మిగిలింది. రామనాథం గారు కుర్చీలోంచి లేచారు.

రెండో పళ్ళెంలో తాకించాను. పౌడరు కదల్లేదు. మళ్ళీ తాకించాను. ఎక్కడి పౌడరు అక్కడే ఉంది.

"ఇక్కడ జాగా లేదు సాబ్. ముందే ఎవరో వచ్చి కూర్చున్నారు" అన్నాను.

"ఎవరు కూసున్నరు?"

"మీ తోలులోని కొవ్వు."

ఈ కథలో సైన్సు ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. కొవ్వు అణువు పొడుగ్గా ఉంటుంది. శుభ్రమైన పాదరసం మీద పడ్డ నూనె బొట్టు బొట్టుగా ఉండదు, పాదరసం దాన్ని లాగి పరిచేస్తుంది. ఎంత పలచగా అంటే, ఒక అణువు మందాన. అంత పలచని పొర అద్దం మెరుపును తగ్గించదు, అందుకే కంటికి దొరకదు. జహీరాబాదు స్టేషన్లో బండి కోసం కాచుకున్న జనాన్ని చూశారు కదా. నలుగురే ఉంటే ప్లాట్‌ఫారం మీద కాళ్ళు బారజాపి పడుకుంటారు. జనం పెరిగేకొద్దీ ముడుచుకొని జరుగుతారు, ఇంకా పెరిగితే లేచి నిలబడతారు. అణువులూ అంతే. పాదరసం మీద తక్కువ ఉన్నప్పుడు వెల్లకిలా పడుకుంటాయి. రద్దీ పెరిగితే ఒకదాన్నొకటి ఆనుకొని వరసలు కడతాయి, పొరలు పడతాయి, చివరికి నిలబడతాయి. ఎంత రద్దీ అయితే పాదరసం బిగువు అంత సడలుతుంది. సడలితే సన్నగొట్టంలో అది అంతగా దిగదు. పదకొండు కాస్తా ఎనిమిది అవుతుంది.

ఆ రోజు నేను ఇందులో కొంతే చెప్పాను. అణువులు నీటి మీద నిలబడతాయని నాకు తెలుసు కాబట్టి పాదరసం మీద కూడా మొదటి నుంచీ నిలబడే ఉంటాయని చెప్పాను. మొదట పడుకుంటాయన్న సంగతి చాలా ఏళ్ళ తర్వాత చదివాను. నీరు కొవ్వు అణువు ఒక కొసను, అంటే దాని తలను మాత్రమే లాగుతుంది, పాదరసం ఒళ్ళంతా లాగుతుంది. ఒకచోట నిజమైనది ఇంకోచోట కూడా నిజమని అనుకోవడం మా వృత్తిలో రోజూ జరిగేదే.

ఖాసిం సాబ్ అలమారా తెరిచి తన తోలు తీశారు. వేళ్ళ మధ్య రుద్ది చూసుకున్నారు, వాసన చూశారు. ఆయన ముఖం చూడటం నాకు కష్టమైంది. ఇన్నేళ్ళ గర్వం అది. అయినా మాట మింగలేదు.

"రామనాథం సాబ్, పోరి నిజం రాసింది. ఖరాబ్ చేసింది నేను."

రామనాథం గారు కాసేపు పళ్ళేల వంక చూశారు. తర్వాత మెల్లగా, "బాగానే ఉందండీ. మరి ఆ పన్నెండుమందీ పదకొండు ఎక్కడ చూశారు?" అన్నారు.

ఆమెది నిజమైతే మిగతావాళ్ళందరిదీ అబద్ధం. ఆమెను పాస్ చేస్తే న్యాయంగా పన్నెండుమందిని తప్పించాలి. పన్నెండుమంది తప్పితే సైన్సు సెక్షనే ఉండదు.

"ఒక పని చేద్దాం. ఆ అమ్మాయిని పిలిచి, పదకొండు వేసుకోమనండి. అందరూ బాగుంటారు" అన్నారు రామనాథం గారు.

ఆమెను పిలిచాం. నాకు చెప్పే ధైర్యం లేదు. రామనాథం గారే నెమ్మదిగా, ఒక తండ్రి చెప్పినట్టే చెప్పారు. ఆమె తల దించుకొని విన్నది.

"మా నాయిన గేటుకాడ కూసున్నడు సార్. నాక్గూడ పాసు గావాలె" అన్నది చివరికి. "గాని కనబడంది ఎట్ల రాయాలె? చెయ్యి వస్తలేదు."

అప్పుడు ఒక ఉపాయం చెప్పాను. రేపు అందరికీ మళ్ళీ పరీక్ష పెడదాం, పాదరసం మార్చవద్దు, అదే పాడు పాదరసం ఉంచుదాం. దానికి జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు. చూస్తే తప్ప రాయలేరు.

రామనాథం గారు తన బండి గురించి గొణిగారు. ఖాసిం సాబ్ ఆయన సంచి తానే పట్టుకొని, "ఈ పూట మా ఇంట్ల ఉండున్రి సాబ్. జొన్నరొట్టె తిని చూడున్రి, మల్లొస్తరు" అని నడిపించారు. గేటు దగ్గర బస్వప్ప లేచి నిలబడ్డాడు. రేపు మళ్ళీ పరీక్ష ఉందని ఖాసిం సాబ్ చెబితే, బస్వప్ప ముఖం నల్లబడింది.

"అంటే తప్పిందా సార్?"

"తప్పింది నేను. నీ బిడ్డ గాదు. రేపటిదాంక ఆగు" అన్నారు ఖాసిం సాబ్.

రెండో రోజు

నా ఉపాయం ఎంత గొప్పదో మర్నాడు తెలిసింది. చిన్న ఊరు, మాట ఎక్కడ ఆగుతుంది? శరణమ్మ ఎనిమిదే నిజమట అన్న ముచ్చట సాయంత్రానికే బజారంతా పాకింది. పొద్దున వచ్చిన పిల్లలు ఒక్కొక్కరే మైక్రోస్కోపు ముందు వంగారు, లేచారు, ఎనిమిది రాశారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కొత్త మాస్టార్లకు ఇదే చెబుతాను. పిల్లలు అబద్ధాలకోరులు కారు. సరైన జవాబు ఒకటి ఎక్కడో ఉందని, అది పెద్దవాళ్ళకు ముందే తెలుసని మనమే వాళ్ళకు నేర్పుతాం. అది తెలిశాక వాళ్ళు మైక్రోస్కోపులోకి ఎందుకు చూస్తారు?

పిల్లలకంటే ముందు, పోల్చుకోవడానికి ఉంటుందని, రామనాథం గారు తానే ఒకసారి కన్నుపెట్టి తన కాగితం మీద ఎనిమిది వేసుకున్నారు.

శరణమ్మ చివర వచ్చింది. వంగింది. మైక్రోస్కోపును జరిపే మరను అటూ ఇటూ తిప్పింది. లేచి కళ్ళు తుడుచుకొని మళ్ళీ వంగింది. నేను ఆమె చెయ్యినే చూస్తున్నాను. పెన్ను కాగితం మీదికి వచ్చి ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత రాసింది. ఏడు.

రామనాథం గారికి కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది?

"నిన్న ఎనిమిదన్నావు. నీ ఎనిమిది కోసం నేను బండి పోగొట్టుకొని ఇక్కడున్నాను. పన్నెండుమందీ ఈ రోజు ఎనిమిదే రాశారు. నేనూ అదే వేశాను. ఇప్పుడు నువ్వు ఏడంటావా?"

"నిన్న ఎనిమిదే ఉండె సార్. ఇయ్యాల ఏడున్నది."

"నిన్న అబద్ధమా, ఈ రోజు అబద్ధమా?"

"రెండూ కాదు సార్. రెండు దినాలు చూసిన." మాట మార్చలేదు.

నాకు ఆ క్షణంలో అర్థమైంది. తోలు నుంచి వచ్చిన కొవ్వు కొంత నలకల్లా పాదరసం మీదే ఉండిపోయింది. నిన్నటి నుంచి అది మెల్లగా కరిగి పరుచుకుంటూ ఉంది. అణువులు ఇంకా దగ్గరికి జరిగాయి, వరస ఇంకా బిగిసింది, పాదరసం ఇంకా సడలింది. చెప్పబోయాను. ఖాసిం సాబ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఆగున్రి. ఆయన్నే చూడనియ్యిన్రి" అన్నారు గుసగుసగా.

అది సరైన పని. ఆ పిల్లను నా పాఠం కాపాడితే నేను గెలిచినట్టు. ఆమె చూపు కాపాడితే ఆమె గెలిచినట్టు. ఒక బాస్ నాకు నేర్పిన పాఠాల్లో ఇంతకంటే పెద్దది లేదు.

నిన్నటి పదకొండును కాదనడానికి ఆ పిల్లకు ధైర్యం కావలసి వచ్చింది, నిజమే. కాని ఆ రోజు ఆమె ముందున్నది పుస్తకం అంకె కాదు, తన సొంత అంకె. ఊరంతా ఒప్పుకున్న అంకె, తనను పాస్ చేసే అంకె. దాన్నే ఇంకోసారి రాస్తే ఎవరూ ఏమీ అనరు. నేనైతే ఆ వయసులో ఎనిమిదే వేసి ఉండేవాణ్ణి.

రామనాథం గారు విసురుగా వెళ్ళి మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. ఈసారి కళ్ళజోడు తీశారు. చాలాసేపు ఆయన వీపే మాకు కనబడింది. మర తిప్పే చప్పుడు వినబడుతోంది, ఆగుతోంది, మళ్ళీ వినబడుతోంది. లేచి, తన కాగితం మీది ఎనిమిదిని అడ్డంగా కొట్టేసి పక్కన ఏడు వేశారు.

మగపిల్లల్ని మూడోసారి కూర్చోబెట్టారు. ఆ గదిలో ఇక నమ్ముకోవడానికి ఏ అంకే మిగల్లేదు కాబట్టి, బతికి బట్టకట్టడానికి వాళ్ళూ కళ్ళు తెరిచారు. అందరూ గట్టెక్కారు. మంచి మార్కులు మాత్రం ఒక్కడికీ పడలేదు. క్లాసులో ఫస్టు వచ్చేవాడు నామీద అలిగాడు. మంచిదే అనుకున్నాను.

అది తర్వాత. అంకె కొట్టేసిన వెంటనే రామనాథం గారు శరణమ్మ వైపు తిరిగారు. పొద్దున తాను సరిగ్గా చూడలేదని మా అందరి ముందూ చెప్పారు. ఆమె మార్కుల గడిలో ఎన్ని వేశారో నాకు కనబడింది. పాసు కన్నా చాలా పైన ఉన్నాయి. తన కాగితం ఆమె చేతికిచ్చి, "నేను ఇప్పుడు ఏడు వేశానమ్మా. సరిగ్గా ఉందా?" అన్నారు.

ఔనంటే సరిపోయేది. ఎవరైనా ఔననే అంటారు. శరణమ్మ ఆ కాగితం పట్టుకొని మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళి, వంగి, మర తిప్పుకొని చూసింది. మేం ముగ్గురం నిలబడి ఎదురుచూశాం.

"సరిగ్గనే ఉన్నది సార్" అన్నది లేచి. అప్పుడు ఏడ్చింది.